కొబ్బరినూనె రాసిన క్యాసెట్లు

మా అత్తయ్య పోయారన్న మాట ఫోనులో వచ్చింది. ఆసుపత్రి నుంచి మా ఆయన చేశారు. ఆ సమయానికి నేను ముందుగదిలో పాత పేపరు పరుచుకుని, ఎవరింటి నుంచో వచ్చిన గేమ్ క్యాసెట్టు ఒకటి విప్పి, దాని మూలలో అంటుకున్న బొద్దింక గుడ్ల గూడును పుల్లతో గీకుతున్నాను. "అమ్మ లేదు" అన్నారాయన. నా వేళ్ళకు ఆ గూడు తాలూకు గోధుమరంగు పొట్టు అంటుకుని ఉంది. ఫోనును భుజంతో చెవికి నొక్కిపట్టి "వస్తున్నా" అన్నాను. చేతులు సబ్బుతో కడుక్కున్న తర్వాతే ఏడుపు వచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ పువ్వుల మాటలు, వెలుగు మాటలు రాస్తారు. మా అత్తయ్యను తలుచుకుంటే నాకు గుర్తొచ్చేవి బొద్దింకలు, చిలుము, ఉమ్మి మరకలు, కనరెక్కిన కొబ్బరినూనె. ఆ అసహ్యాల మధ్యే ఆవిడ నాకు దగ్గరయ్యారు. అవి వదిలేసి రాస్తే అది మా అత్తయ్య గురించి కాదు. మా సంఘం పత్రికకు రాసిమ్మని పాస్టరమ్మగారు అడిగారు. నోటితో చెప్పమంటే నేను చెప్పనని ఆవిడకు తెలుసు.

తెలియనివారి కోసం ముందు క్యాసెట్ల సంగతి చెబుతాను. టీవీకి తగిలించి ఆడే ఆటలు పూర్వం క్యాసెట్లలో వచ్చేవి. అరచేతంత ప్లాస్టిక్ డబ్బా, లోపల పచ్చటి పలక, పలక అంచున ఇత్తడి రంగు పళ్ళు. ఆ పళ్ళు ఆటల మిషనులో సరిగ్గా కరుచుకుంటేనే టీవీలో బొమ్మ వస్తుంది. మామయ్య చాతం కలప మిల్లులో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయారట. అప్పుడు అత్తయ్య పోర్ట్‌బ్లెయిర్ ఆస్టినాబాద్‌లోని ఈ ఇంటి ముందుగదిలో ఒక టీవీ, ఒక మిషను పెట్టి, గంటకింతని తీసుకుని పిల్లలను ఆడనిచ్చి, ఆ సంపాదనతో మా ఆయనను పెంచారు. తర్వాత ఫోన్లు వచ్చి ఆ ఆటలు మూలపడ్డాయి. ఇప్పుడు ఆ పిల్లలే పెద్దవాళ్ళయి, ఉద్యోగాలు చేసుకుంటూ, తాము ఆడిన అవే క్యాసెట్లు కావాలని వెతుక్కుంటున్నారు. ఈ దీవుల్లోవాళ్ళే కాదు, వైజాగ్ నుంచి, చెన్నై నుంచి కూడా అడుగుతారు. అత్తయ్య ఇళ్ళల్లో అటకల మీద పడి ఉన్నవి కొని, శుభ్రం చేసి, పనిచేస్తాయని తేలాక పంపేవారు. ఆవిడ "బాగుంది" అంటే బాగున్నట్టే. ముందుగది నడిచింది ఆ ఒక్క మాట మీదే.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ముందుగదిలోనే వాంతి చేసుకున్నాను. నాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. ఎండుచేపల మధ్య పుట్టి పెరిగినదాన్ని. చేప ఎండిన వాసనకూ, ఎండకుండానే కుళ్ళిన వాసనకూ తేడా కళ్ళు మూసుకుని చెప్పగలను. అలాంటిదాన్ని ఆ గదిలో కాలుపెట్టగానే కడుపులో తిప్పింది. గోడ పొడవునా సంచుల్లో క్యాసెట్లు. వాటి నుంచి తలకు నూనె రాసుకుని వారాల తరబడి కడుక్కోని జుట్టు లాంటి వాసన. దాని వెనక ఇంకేదో చచ్చిన వాసన.

కొత్త కోడలు గుమ్మంలో వాంతి చేసుకుంటే ఏ అత్తగారయినా విసుక్కుంటారు. ఆవిడ మాత్రం నా ముఖంలోకి వింతగా చూశారు.

"ఏటే పిల్లా, ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదత్తయ్యా. వాసన."

"ఏ వాసన?"

నాకు అర్థం కాలేదు. అంత కంపు కొడుతుంటే ఏ వాసన అని అడుగుతారేమిటి? "మీకు రావట్లేదా?" అని మెల్లగా అడిగాను.

ఆవిడ వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చారు. చాప మీద క్యాసెట్లు వరసగా పరిచారు. అన్నీ మూసి ఉన్నవే, పైకి అన్నీ ఒకలాగే ఉన్నాయి. "ఏది కంపు కొడుతుందో చూపించు. నోరు తెరవక్కర్లేదు, వేలు పెట్టు చాలు" అన్నారు. ముక్కు మూసుకోబోయాను. నా చెయ్యి పట్టుకుని కిందికి దించారు. "ముక్కు మూసీకు. ఆ ముక్కే నాకు కావాలి."

నేను వేలు పెట్టిన క్యాసెట్టును స్క్రూలు తీసి విప్పారు. లోపల పలక మీద పచ్చటి జిగురు పేరుకుని ఉంది. అందులో చీమలు బారుగా అతుక్కుని చచ్చి ఉన్నాయి. ఇంకోటి చూపించాను. అదీ అంతే. చూపించనిది విప్పారు, అది పొడిగా శుభ్రంగా ఉంది. అప్పుడావిడ చాప మీద చతికిలబడ్డారు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు.

"అందరినీ ఇళ్ళల్లో కూకోబెట్టిన ఆ జొరం నాకూ వచ్చింది కదా. అది పోతూ పోతూ నా ముక్కు పట్టుకుపోయింది. పువ్వూ తెలీదు, పేడా తెలీదు. తెలీకుండానే నూనె పట్టినవి తెచ్చి అమ్మీసేను. అన్నీ తిరిగొచ్చినాయి. సిగ్గుతో చచ్చిపోయేను పిల్లా. నీ మొగుడికి చెప్పకు, రేపే ఈ గదికి తాళమేసీస్తాడు. బయటోళ్ళకి అసలే చెప్పకు. నాకు వాసన తెలీదని తెలిస్తే ఈ పోర్ట్‌బ్లెయిర్‌లో కుళ్ళినదంతా నా నెత్తిన రుద్దీస్తారు."

చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

నూనె ఎందుకు రాస్తారో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కత్తెర, తాళం, సైకిల్ గొలుసు, కుట్టు మిషను, అన్నిటికీ కొబ్బరినూనె రాస్తాం. అలాగే తల్లులు ఆ క్యాసెట్ల పళ్ళకు కూడా దూదితో నూనె అద్ది దాచారు, తుప్పు పట్టకుండా ఉంటాయని. ఆ నూనె పలక మీదికి పాకి, నల్ల చిప్పుల కాళ్ళ కిందకు దిగి, ఏళ్ళ తరబడి కనరెక్కి, రాగిని తిని పచ్చటి చిలుము అవుతుంది. దానికి దుమ్ము అంటుతుంది, చీమలు వస్తాయి, చీమల వెనక బొద్దింకలు వస్తాయి, వాటి కోసం బల్లులు దూరతాయి. పైన డబ్బా తుడిచేస్తే కంటికి ఏమీ కనిపించదు. తీసుకెళ్ళి పెడితే ఆ రోజు ఆట కూడా ఆడుతుంది. నెల తిరక్కుండా చచ్చిపోతుంది. స్క్రూలు విప్పనివ్వని ఇంట్లో దాన్ని పట్టుకోగలిగింది ముక్కు ఒక్కటే.

నోటితో ఊదడం ఇంకో అసహ్యం. బొమ్మ రాకపోతే చాలు, పిల్లలూ పెద్దలూ క్యాసెట్టు తీసి పళ్ళ మీద ఫూ అని ఊదేవారట. ఆ ఉమ్మి తుంపరలు ఎండి పళ్ళ మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు కడతాయి. ఒక్కోదాని మీద బిస్కెట్ పొడి కూడా ఉంటుంది. అత్తయ్య వాటిని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడుస్తూ, "ఊదినోడు ఊదలేదు, ఉమ్మేడు. వాడికి అప్పుడే జలుబు కూడా ఉంది, చూడు" అని ఆ పుల్ల నా ముందు పెట్టేవారు. నేను మొహం తిప్పుకుంటే నవ్వేవారు. పుల్ల తెల్లగా వచ్చేదాకా వదిలేవారు కాదు. చీకటి పడినా, కూర మాడినా వదిలేవారు కాదు. కూర మాడిన సంగతి కూడా నేనే చెప్పాలి కదా.

ఆ తర్వాత క్యాసెట్లు కొనడానికి ఎక్కడికి వెళ్ళినా నన్ను వెంట తీసుకెళ్ళేవారు. చాతం నుంచి ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ వెళ్ళేవాళ్ళం. మా ఆయన పనిచేసేది ఆ ఫెర్రీలోనే. డెక్కు మీద తాడు చుడుతూ మమ్మల్ని చూసి, "మళ్ళీ చెత్త కోసమేనా అమ్మా?" అనేవారు. "చెత్త కాదురా, నువ్వు తిన్న అన్నం" అని ఆవిడ అందరి ముందూ అనేవారు. ఆయన తల దించుకుని తాడు చుట్టుకునేవారు.

కొత్తవాళ్ళ ముందు నాకు నోట మాట రాదు. అత్తయ్య దాన్నీ పనిలో పెట్టుకున్నారు. క్యాసెట్టు చేతిలోకి తీసుకుని, తానే ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, "ఊఁ..." అంటూ నా వైపు చూసేవారు. నా ముఖం మామూలుగా ఉంటే కొనేవారు. నా చెయ్యి కొంగు మీదికి వెళితే వద్దనేవారు. చూసినవాళ్ళకు వాసన పట్టింది ఆవిడేననిపించేది.

ఒకసారి బాంబూఫ్లాట్‌లో ఒక ముసలమ్మ పాలపొడి డబ్బా తెచ్చి మా ముందు పెట్టింది. మూత తీయగానే నేను పెరట్లోకి పరిగెత్తాను. డబ్బా నిండా క్యాసెట్లు నూనెలో నానినట్టున్నాయి. ముసలమ్మ గర్వంగా, "మా పిల్లలు ఆడుకున్నవి. ప్రతి ఆదివారం గుడికి పోయేముందు రాసేదాన్ని, ఒక్కదానికీ తుప్పు లేదు చూడు" అంటోంది. అత్తయ్య ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. నూనె ఆవిడ మోచేతి దాకా కారింది.

"అక్కా, ఇంత నూనె రాసినావు, జడ కూడా వేసీవలసింది" అన్నారు.

ముసలమ్మ పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది. అత్తయ్య అవి కొనలేదు. అలాగని లేచి వచ్చేయనూ లేదు. అరుగు మీద కూర్చుని, ఉన్నవాటిలో బతికేలా కనిపించిన ఒక్కదాన్ని విప్పి, రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టి, తిరిగి ఆ ముసలమ్మ చేతిలోనే పెట్టారు. "దీనికి ఇంక నూనె చూపించకు. గుడ్డలో చుట్టి మూత గట్టిగా పెట్టు" అని చెప్పి వచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీలో నేను చేతులు వాసన చూసుకుంటూ, "ఛీ, ఎంత అసహ్యంగా పెట్టుకుందో" అన్నాను. అత్తయ్య నా వైపు తిరగకుండానే అన్నారు:

"ఆవిడ దాచలేదు కదే. మూత తీసి చూపించింది. నీ వాంతి దాచినోడి కోసం ఉంచుకో."

అలాంటివాడు కొద్దిరోజులకే తగిలాడు. మిన్నీ బేలో పాత సామాన్లు కొని అమ్మే మనిషి. పుట్టుక ఇక్కడే, మాట సగం హిందీ, మా ప్రార్థన కూడికల్లో కూడా కనిపిస్తాడు. తన దగ్గర పెద్ద మూట వచ్చిందని, మొత్తం ఒక్కసారిగా తీసుకోమని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి టేబుల్ మీద క్యాసెట్లన్నీ పారదర్శకమైన కవర్లలో తళతళ మెరుస్తున్నాయి. గదిలోకి అడుగుపెట్టగానే గులాబీ అత్తరు, పౌడరు కలిసి గుప్పుమన్నాయి. నేను ఒక్క క్షణం మోసపోయాను. తర్వాత ఆ గులాబీ కిందనుంచి మెల్లగా అది పైకి వచ్చింది. స్నానం చేయని మెడ మీద పౌడరు చల్లుకున్న మనిషి పక్కన నిలబడినట్టుగా ఉంది.

"సూంఘ్‌కే దేఖో దీదీ, వాసన చూడు! ఏకదమ్ ఫ్రెష్. నీ దగ్గర ఝూట్ ఎందుకు చెప్తాను?"

అత్తయ్య ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని బరువుగా ఊపిరి పీల్చారు. నా వైపు చూశారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని గోడ పట్టుకున్నాను.

"అరే, భాభీకి క్యా హువా? వేవిళ్ళా? ముబారక్ దీదీ, మిఠాయి ఎప్పుడు?"

"వేవిళ్ళయితే చింతకాయ అడుగుతాది. ఇది గుమ్మం ఎక్కడని అడుగుతోంది" అన్నారు అత్తయ్య. "ఒక్కటి విప్పుతాను, స్క్రూడ్రైవర్ ఇవ్వు."

"విప్పితే సీల్ ఖరాబ్ అయిపోద్ది దీదీ."

"సీలు వేసింది నువ్వే కదా తమ్ముడూ. మళ్ళీ వేసుకో. అంటు చేతులకి అత్తరు పూసీసి షేక్‌హ్యాండ్ ఇస్తావేటి?"

అతని నవ్వు ఆగిపోయింది. మేం బయటకు వచ్చేశాం. సముద్రపు గాలి మొహానికి తగిలాక నాకు ఊపిరి ఆడింది. అత్తయ్య ఆత్రంగా అడిగారు, సినిమా చూడలేకపోయినవాళ్ళు కథ అడిగినట్టు. "ఏటి వచ్చింది, చెప్పు చెప్పు."

"పైన గులాబీ అత్తయ్యా. కింద నూనె. ఆ కింద..."

"ఆ కింద?"

"చచ్చిన బల్లి."

ఆవిడ పిట్టగోడ పట్టుకుని నవ్వారు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఉన్నట్టుండి ఆపేశారు. "నేనొక్కదాన్నే వచ్చి ఉంటే కొనీసేదాన్ని" అన్నారు.

వానాకాలం మొదట్లో ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆసుపత్రి వార్డులో చూడవచ్చినవాళ్ళందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడేవారు. పక్క మంచం కింద పెట్టిన గిన్నె, తడిసిన పరుపులు, ఫినాయిలు. ఆవిడ మాత్రం ప్రశాంతంగా ఇడ్లీ తినేవారు. "ఇక్కడ అదృష్టవంతురాల్ని నేనొక్కదాన్నేనే" అని నాకే వినపడేలా అనేవారు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "గది మూసీకు. మాట్లాడ్డం రాదని భయపడకు. మాట్లాడేవోళ్ళు బోల్డుమంది ఉన్నారు. నీ మొహం అబద్ధం ఆడదు, అది చాలు" అన్నారు.

బయట వరండాలో మా ఆయన నాతో వేరే మాట చెప్పారు. "అమ్మకు బాగయినా ఇంక ఈ తిరుగుడు తిరగలేదు. నువ్వేమో మనిషి కనిపిస్తే తలుపు వెనక్కి పోతావు. మొబైల్ షాపు వాళ్ళు ముందుగది అద్దెకు అడుగుతున్నారు." నేను జవాబు చెప్పలేదు. ఆయన దాన్ని సరేనన్నట్టుగా తీసుకున్నారు. ఆ వారంలోనే ఆవిడ వెళ్ళిపోయారు.

జ్ఞాపకార్థ కూడిక రోజున ఇల్లంతా మనుషులు. ముందుగదిలో క్యాసెట్ల సంచులు ఒక పక్కకు తోసి కుర్చీలు వేశారు. ప్రార్థన అయింది, పాటలు అయ్యాయి. నేను వంటింట్లో టీ గ్లాసులు సర్దుతున్నాను. అంతలో టీ వాసన మీదుగా, అన్నం వాసన మీదుగా గులాబీ వచ్చింది. తలుపు సందులోంచి చూశాను. మిన్నీ బే మనిషి తెల్ల చొక్కా వేసుకుని, ఒక అట్టపెట్టెను అత్తయ్య ఫోటో పక్కనే బల్ల మీద పెట్టి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతున్నాడు.

మా ఆయన వంటింట్లోకి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మ ఆసుపత్రిలో చేరేముందు ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ సరుకంతా తీసుకుంటానని మాట ఇచ్చిందట. కావాలని అడిగినవాళ్ళందరికీ అమ్మ పేరు మీద అవి పంపించేసి గది ఖాళీ చేద్దాం. అమ్మ ఆఖరి మాట కదా, నిలబెడదాం" అన్నారు.

"వెళ్ళలేదు" అన్నాను.

"నీకెలా తెలుసు? నీతో చెప్పకుండా వెళ్ళి ఉండొచ్చు కదా. ఒక్కొక్కటీ వాసన చూసి మరీ బాగున్నాయందట."

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు. చెప్పనని మాట ఇచ్చిన సంగతి ఒక పక్క. చెప్పకపోతే ఆ పెట్టెలోని కుళ్ళంతా ఆవిడ పేరు మోసుకుని ఊళ్ళు పట్టిపోతుంది. జీవితమంతా తెల్లటి దూదిపుల్ల కోసం వేళ్ళు అరగదీసుకున్న మనిషి పేరు. మా పెళ్ళి రోజు తర్వాత అంతమంది ఎదుటికి నేను వెళ్ళడం అదే మొదటిసారి. తల మీద కొంగు సరిచేసుకుని ముందుగదిలోకి వెళ్ళాను. ముఖం ఎత్తకుండానే అడిగాను.

"అన్నయ్యా, అత్తయ్య వాసన చూసి చెప్పారా?"

"హా భాభీ! నా కళ్ళ ముందే. ఒక్కొక్కటి తీసి ఇలా, ఇలా ముక్కుకి పెట్టుకుని..." అతను చేసి చూపించాడు. అచ్చం ఆవిడలాగే చేశాడు.

"అత్తరు గురించి ఏమన్నారు?"

"ఏమంటుంది, బహుత్ అచ్ఛా, గులాబీ వాసన ఎంత బాగుంది తమ్ముడూ అంది. పెద్ద మనసు దీదీది."

"అత్తయ్యకు వాసన తెలియదు" అన్నాను.

గొంతు చాలా చిన్నగా వచ్చింది. ఎవరో "ఏమంది?" అని అడిగారు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "ఆ జ్వరం తర్వాత ఆవిడకు ఏ వాసనా తెలియదు. గులాబీ కూడా."

"మజాక్ చేస్తున్నావా భాభీ? ఇలాంటి రోజున?"

మూల కుర్చీలోంచి పక్కింటి పిన్నిగారు లేచారు. "ఆగండాగండి. అందుకా! గ్యాసు లీకయి ఇల్లంతా కొడుతుంటే నేను గోడ దూకినంత పని చేసి వచ్చాను. ఈవిడ పొయ్యి పక్కనే కూర్చుని తీరిగ్గా బియ్యం ఏరుకుంటోంది! చెవుడేమో అనుకున్నాను, నా మతి మండ."

"చెవుడుకీ గ్యాసుకీ ఏటి సంబంధం పిన్నీ?" అని ఎవరో అన్నారు. ఆ ఇంట్లో ఆ రోజు మొదటిసారి కొందరు నవ్వారు.

మా ఆయన నవ్వలేదు. నా వైపే చూస్తున్నారు. "నేను జీతం రోజున తెచ్చే చందనం సబ్బులు..." అన్నారు. "ప్రతిసారీ కవరు చింపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఎంత కమ్మగా ఉందిరా అనేది."

ఆయనే వెళ్ళి అత్తయ్య స్క్రూడ్రైవర్ తెచ్చారు. కుర్చీల మధ్య నేల మీద పేపరు పరిచి, ఆ పెట్టెలోంచి ఒక క్యాసెట్టు తీసి, కవరు చింపి విప్పారు. ఆ పని ఆయన చేయగా నేను చూడటం అదే మొదలు. మూత ఊడగానే గులాబీ చచ్చిపోయింది. లోపల పచ్చటి జిగురు, అందులో ఎండి పలకకు అంటుకుపోయిన బల్లి పిల్ల, దాని వేళ్ళతో సహా. తోక మీద తెల్లగా పౌడరు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళందరి కొంగులూ ఒక్కసారే ముక్కుల మీదికి వెళ్ళాయి. మా ఆయన తన చొక్కా చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మా అమ్మ ఫోటో పక్కన పెట్టావు దీన్ని" అన్నారు. అరవలేదు. "తీసుకెళ్ళు."

"నాకేం తెలుసు భయ్యా, నేను కూడా ఎవరి దగ్గరో కొన్నదే..." అంటూ అతను పెట్టె ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర నా వైపు ఒక చూపు చూశాడు. సిగ్గుపడిన చూపు కాదది, దొరికిపోయినందుకు వచ్చిన కోపం. బల్లి కంటే నాకు ఆ చూపే ఎక్కువ అసహ్యం వేసింది. అత్తయ్య ఉంటే దానికి తగిన మాట అని ఉండేవారు. నాకు రాలేదు. ముఖం మాత్రం అతని వైపు ఎత్తాను, అది ఎలా ఉందో తెలియదు గానీ, అతను చూపు తిప్పుకున్నాడు.

ముందుగది అద్దెకు ఇవ్వలేదు. మొబైల్ షాపు వాళ్ళకు మా ఆయనే ఫోను చేసి కాదన్నారు. క్యాసెట్లు కావాలని అడిగేవాళ్ళతో ఆయన మాట్లాడతారు, వాసన నేను చూస్తాను. అత్తయ్యకు వాసన తెలియదన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు కనుకే రాశాను. ఆవిడ ఏళ్ళ తరబడి ఊపిరి పీల్చి "ఊఁ" అన్న ప్రతిసారీ ఎంత భయపడి ఉంటారో కూడా తెలియాలి. ఒక్క కుళ్ళినది చేతులు దాటుతుందేమోనన్న భయం అది. ఇంత అసహ్యమైన పనిలో అంత శుభ్రమైన భయం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వంకలు పెట్టకుండా, నా నోరు పెగలలేదని తిట్టకుండా, నాలో ఉన్న ఒక్క ముక్కును పట్టుకుని నన్ను మనిషిని చేశారు.

ఆ కూడిక రోజున మిన్నీ బే మనిషి పెట్టెను ఆటో దాకా మోయలేక, మనిషిని పంపిస్తానని చెప్పి మా ప్రహరీ గోడ పక్కన దించి వెళ్ళాడు. ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళంతా చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. వాన మొదలైంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అట్ట తడిసి మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. సందులోంచి ఒక బొద్దింక బయటికి వచ్చి మీసాలు కదిలించింది. పిన్నిగారి కోడిపెట్ట చూరు కిందనుంచి పరిగెత్తుకొచ్చి దాన్ని ఠక్కున పట్టుకుంది. పట్టుకున్నట్టే కింద పడేసింది. ముక్కును గోడ రాయికి అటొకసారి, ఇటొకసారి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. తర్వాత ఒంటికాలి మీద వానలో నిలబడి, తల పక్కకు వంచి, దగ్గరికి పోకుండా ఆ పెట్టెనే చూస్తూ ఉండిపోయింది.